జచ్చా బచ్చా హక్: ఇస్తాంబుల్ టీకా నుంచి నిలోఫర్ దవాఖానా దాకా

మా అమ్మీకి నేను మొదటి సంతానం కాదు. నాకంటే ముందు ఒక కొడుకు పుట్టాడు. ఎనిమిది రోజులే బతికాడు. మొదటి కొన్ని రోజులు బాగా పాలు తాగిన పిల్లాడు ఆ తర్వాత నోరు తెరవలేకపోయాడట. దవడలు బిగుసుకుపోయి, ఒళ్లంతా విల్లులా వంగిపోయిందట. మొహల్లాలో పెద్దవాళ్లు నజర్ తగిలిందన్నారు. దాదీ మిరపకాయలతో దిష్టి తీసింది. ఎవరో తావీజ్ తెచ్చి కట్టారు. ఛఠీ జరిగిన రెండు రోజులకే మా ఇంట్లోంచి చిన్న జనాజా బయల్దేరింది. "అల్లాహ్ కీ అమానత్ థీ, ఉస్నే లే లీ" అని అమ్మీ ఇప్పటికీ అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు మా మొహం చూడదు.

ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బారులో పనిలో చేరాక 2015లో నేనొక వార్త రాయాల్సి వచ్చింది. తల్లులకూ, అప్పుడే పుట్టిన పిల్లలకూ వచ్చే ధనుర్వాతాన్ని ఇండియా నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వార్త అది. నిర్మూలన అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి మంది పుడితే ఒక్క కేసు కంటే తక్కువకు తేవడం. పాఠకులకు అర్థం కావాలని జబ్బు లక్షణాలు కూడా రాస్తున్నాను. పాలు పట్టలేకపోవడం, దవడలు బిగుసుకోవడం, ఒళ్లు విల్లులా వంగడం. అక్కడ నా చేతులు ఆగిపోయాయి. మా అన్నకు తగిలింది నజర్ కాదు. బొడ్డు కోసిన బ్లేడుకు అంటిన మట్టిలోని క్రిమి. అమ్మీ కడుపుతో ఉన్నప్పుడు రెండు టీటీ సూదులు పడి ఉంటే, దాయీ చేతిలో కాగబెట్టిన బ్లేడు ఉండి ఉంటే వాడు బహుశా ఇవాళ నాతో మసీదుకు వచ్చేవాడు.

ఆ సూది ఎవరివ్వాలి? డబ్బున్నవాళ్లు దయ తలచి ఇవ్వాల్సిన ఖైరాతా, లేక పుట్టబోయే బిడ్డకు హుకూమత్ బాకీ పడ్డ హక్కా? ఈ సవాల్‌కు జవాబు దొరకడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఆ తారీఖులో మన వాళ్లున్నారు. మన షహర్ కూడా ఉంది.

మొదట చేచక్ సంగతి. తెలుగులో మశూచి అన్నా, అమ్మవారు అన్నా పల్లెలకు పల్లెలు వణికేవి. చేచక్‌నీ, ఖస్రానీ, అంటే మశూచినీ తట్టునీ, రెండు వేర్వేరు జబ్బులుగా విడదీసి కితాబు రాసిన హకీం అబూ బకర్ అల్ రాజీ. వెయ్యేళ్ల కిందటి మాట. జబ్బును గుర్తుపట్టడం వేరు, రాకుండా ఆపడం వేరు. ఆపే తద్బీర్ ఉస్మానియా సల్తనత్ రాజధాని ఇస్తాంబుల్‌లో ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. ఇంగ్లండ్ రాయబారి భార్య లేడీ మేరీ వర్ట్లీ మాంటేగ్యూ 1717లో అక్కడికి వెళ్లినప్పుడు చూసింది. ముసలి ఔరతులు మశూచి చీమును వాల్‌నట్ చిప్పలో పెట్టుకుని ఇంటింటికీ వచ్చి, పిల్లల చర్మం మీద సూదితో గీరి అంటించేవారు. పిల్లలకు కొన్ని రోజులు జ్వరం వచ్చి తగ్గేది. ఆ తర్వాత చాలామందికి మశూచి దగ్గరికి వచ్చేది కాదు. ఆమెకే మశూచి వచ్చి మొహం మీద మచ్చలు మిగిలాయి. 1718లో తన కొడుక్కి అక్కడే ఆ పని చేయించింది. 1721లో లండన్‌లో కూతురికి చేయించింది. మన దగ్గర బెంగాల్‌లో టీకాదార్లు చేసిన పని కూడా అలాంటిదే. ఇవాళ మనం వాడే టీకా అన్న మాట వాళ్ల నుంచి వచ్చిందే.

ఈ పద్ధతిలో ఖత్రా లేకపోలేదు. మశూచినే అంటిస్తారు కాబట్టి కొందరు చనిపోయేవారు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే మశూచితో టీకా వేసి ఆ ఖత్రాను బాగా తగ్గించాడు. ఆ మందు హిందుస్తాన్‌కు ఏ దారిలో వచ్చిందో చూడండి. వియన్నా నుంచి ఇస్తాంబుల్, అక్కడి నుంచి బగ్దాద్, బస్రా, ఆపైన సముద్రం మీద బొంబాయి. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పిల్ల ఆనా డస్ట్‌హాల్‌కు మొదటి టీకా పడింది. అప్పట్లో ఐస్ పెట్టెలు లేవు. ఒకరికి టీకా వేసి, వారం తర్వాత ఆ పొక్కు లోంచి రసం తీసి ఇంకొకరికి వేయాలి. అంటే ఆ మందును మోసింది చాలావరకు పిల్లల చేతులే. బొంబాయి నుంచి హైదరాబాద్, మద్రాస్, మైసూర్ దాకా అది అలా చేతి నుంచి చేతికి నడిచి వచ్చింది. ఆ పిల్లల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. ఎవరూ వాళ్ల ఇజాజత్ కూడా అడిగి ఉండరు.

ఇక ఇస్తాంబుల్ నుంచి మన షహర్‌కు వచ్చిన ఇంకో మనిషి కథ. 1924లో ఖిలాఫత్ రద్దయ్యాక ఉస్మానియా ఖాందాన్ దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో కొందరు ఫ్రాన్స్‌లో తలదాచుకున్నారు. అక్కడి నీస్ పట్నంలో 1931 నవంబరులో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇద్దరు కొడుకులకూ ఒకేసారి నికా జరిగింది. పెద్దవాడు ఆజం జాహ్‌కు చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహవార్, చిన్నవాడు ముఅజ్జం జాహ్‌కు అదే ఖాందాన్ పిల్ల నిలోఫర్. అప్పటికి నిలోఫర్‌కు పదిహేనేళ్లు. పురానీ హవేలీలో పిల్లల దవాఖానా దుర్రుషెహవార్ పేరు మీద ఉంది. రెడ్‌హిల్స్‌లో ఉన్నది నిలోఫర్ పేరు మీద.

నిలోఫర్ అందం గురించి హైదరాబాద్‌లో బోలెడు కథలున్నాయి. నాకు ముఖ్యమైనది వేరే కథ. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె జచ్గీలో చనిపోయింది. వేళకు కావాల్సిన ఇలాజ్ అందలేదు. ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో డాక్టరీ చదువు చెప్పిన షహర్ ఇది. మా ఉర్దూ మీడియం ఉస్తాదులు ఆ సంగతి ఎంత ఫఖ్ర్‌గా చెప్పేవారో నాకు ఇంకా గుర్తు. అలాంటి షహర్‌లో, మహల్లో పనిచేసే మనిషికే కాన్పులో దిక్కు లేకపోతే గల్లీల్లో ఔరతుల హాల్ ఏమిటి? పిల్లలు కలగని నిలోఫర్, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సింగ్ నేర్చుకున్న నిలోఫర్, ఇక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ ఒక దవాఖానా కావాలని పట్టుబట్టింది. 1953లో దాని తలుపులు తెరిచేసరికి ఆసఫ్ జాహీ రాజ్యం లేదు. నిలోఫర్ షాదీ కూడా తెగిపోయింది. ఆమె ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. 1989లో పారిస్‌లో చనిపోయింది. ఇవాళ ఆదిలాబాద్ నుంచీ, నల్లగొండ నుంచీ వచ్చి ఆ గేటు ముందు ఆటో దిగే తల్లికి ఈ కథ తెలియకపోవచ్చు. తెలియకపోయినా ఆ గేటు ఆమెకు తెరుచుకుంటుంది, అది సర్కారీ దవాఖానా కాబట్టి.

ఖైరాత్‌కీ హక్‌కీ ఫర్ఖ్ ఇక్కడే ఉంది. రఫత్ కోసం ఒక షెహజాదీ మనసు కరగాల్సి వచ్చింది. షెహజాదీలు లేని ఊళ్ల సంగతి? 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ ఇండియాలో ఏటా దాదాపు 2 లక్షల మంది ఔరతులు గర్భం, కాన్పు కారణాలతో చనిపోతున్నారని లెక్క కట్టింది. డబ్బు కట్టలేకపోవడం వల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది. జబ్బు రాకుండా చూసే పనీ, వచ్చాక చేసే ఇలాజూ ఒకే చోట ఉండాలన్నది. ఇవాళ మన ఊళ్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ కాగితంలోంచి పుట్టిందే.

కాగితం మొహల్లా దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. గర్భిణికీ, బాలింతకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ ఆహారం, తూకం, టీకాల మీద నిఘా వాళ్ల పని. 1978లో మొదలైన టీకాల కార్యక్రమం ఎక్కువగా పట్నాలకే పరిమితమైంది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం వచ్చాక దశలవారీగా అన్ని జిల్లాలకూ పాకింది. గర్భిణులకు టీటీ సూది ఊరూరా చేరింది 80ల్లోనే. మా అన్న అంతకు ముందు పుట్టాడు. వాడి తఖ్దీర్ అని అనొచ్చు. కానీ తఖ్దీర్ అన్న మాటను మనం మరీ సులువుగా వాడేస్తాం. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీసు మన బడిపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మన వాళ్లకు సర్కారు సూది మీద షక్ ఊరికే రాలేదు. ఎమర్జెన్సీ రోజుల్లో జబర్దస్తీ నస్బందీ జరిగింది. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చారు, కాల్పులు జరిగాయి. ఆ ఖౌఫ్ ఒక తరంతో పోలేదు. 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక, ఉత్తరప్రదేశ్ ముస్లిం మొహల్లాల్లో ఆ చుక్కలు మన పిల్లలకు ముందుముందు సంతానం లేకుండా చేస్తాయని అఫ్వా పుట్టింది. తలుపులు మూసుకున్నారు. పోలియో ఎక్కువగా ఆ మూసిన తలుపుల వెనకే మిగిలింది, కాళ్లు చచ్చుబడింది మన పిల్లలకే.

ఆ తలుపులు ఎలా తెరుచుకున్నాయి? పోలీసులతో కాదు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ వాళ్లు ఇంటింటికీ వచ్చారు. ఇమాంలు జుమా రోజు మసీదు మైకులో చెప్పారు. మదర్సాల్లో బూతులు పెట్టారు. మొహల్లా ఆపాలే పక్కింటి ఆపాలను ఒప్పించారు. 2011 జనవరిలో హౌరా దగ్గర ఒక పాపకు వచ్చింది దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు. 2014 మార్చి 27న ఇండియాకు పోలియో లేదని సర్టిఫికెట్ దొరికింది. అయినా 2016లో మన అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి మారిన పోలియో వైరస్ కనిపిస్తే, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయడానికి పూనుకోవాల్సి వచ్చింది. ఒక్క పిల్లవాడికీ జబ్బు రాకముందే చేసిన పని అది. అందుకే మనలో చాలామందికి అది గుర్తు కూడా లేదు.

ముప్పై ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే. ఆపరేషన్ అయితే ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కార్డు ప్రతి ఇంట్లో భద్రంగా ఉంటుంది. గుండెకు కోత పెడితే దానికి లక్షలు ఖర్చవుతాయని అందరికీ తెలుసు. జబ్బు రాకముందు దొరికే హక్ కార్డు మాత్రం ఏ సంచిలో ఉందో తెలియదు. మాతా శిశు రక్షణ కార్డు అది. దాని మీద ఏముందో ఒకసారి చదవండి. కనీసం నాలుగు చెకప్‌లు, బీపీ, రక్తం, మూత్ర పరీక్షలు, ఐరన్ మాత్రలు, ధనుర్వాతం సూది. ప్రతి నెలా 9వ తారీఖున సర్కారీ దవాఖానాలో గర్భిణులను డాక్టర్ ముఫ్త్‌గా చూడాలని 2016 నుంచీ పథకం ఉంది. 2011 నుంచీ సర్కారీ దవాఖానాలో కాన్పు, అవసరమైతే సిజేరియన్, మందులు, ఆహారం, రానుపోను బండి, అన్నీ పైసా లేకుండా దొరకాలి. బిడ్డకు పుట్టగానే బీసీజీ, పోలియో, హెపటైటిస్ బీ. ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తొమ్మిది నెలలకు ఖస్రా టీకా, ఏడాదిన్నర వయసులో మళ్లీ ఒకటి.

"చిల్లా అయ్యేదాకా జచ్చా గడప దాటకూడదు కదా" అని ఒక ఖాలా నన్నడిగింది. ఖాలా, చిల్లా నలభై రోజులు. ఆరు వారాలంటే నలభై రెండు. చిల్లా స్నానం చేసిన రెండు రోజులకే టీకా. మన రివాజుకీ ఆ కార్డుకీ ఝగడా ఏమీ లేదు.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. భోర్ కమిటీ కాలంలో వెయ్యి కాన్పులకు దాదాపు 20 మంది తల్లులు చనిపోయేవారు. అంటే లక్షకు రెండు వేలు. 2018-20 లెక్కల్లో దేశంలో లక్షకు 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆ 43లో కూడా రఫత్‌లు ఉన్నారు. బీపీ చూడక, రక్తం తక్కువని తెలియక, వేళకు బయల్దేరక పోయినవాళ్లు. కొన్నిచోట్ల కేంద్రానికి వెళ్తే సిబ్బంది ఉండరు, మందు అయిపోయిందంటారు. అప్పుడు ఊరుకోకండి. ఖైరాత్ అయితే దొరక్కపోతే వెనక్కి తిరిగి రావాలి. హక్ అయితే నిలబడి అడగాలి.

మా చెల్లి కూతురికి ఇప్పుడు ఆరో నెల. పోయిన 9వ తారీఖున దాన్ని దవాఖానాకు తీసుకెళ్లింది ఎవరో కాదు, మా అమ్మీ. ఇంటికొచ్చాక కార్డును తన పెట్టెలో, నికానామా పక్కన పెట్టింది. పెట్టె మూస్తూ, "ఇస్ కో సూయీ లగ్ గయీ" అంది. ఈసారి నా మొహం చూసే అంది.