కసువు కాపలా

కంబదూరులో ఇంకా తెల్లవారలేదు. టీ అంగడి ముందు చలికాచుకుంటున్న ముసలివాళ్ళిద్దరు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ చేతులు మంట మీదికి చాచారు. సంక్రాంతి పోయి వారమైంది. చెనిక్కాయ ఎప్పుడో పెరికేశారు. చేలల్లో మిగిలింది కంది మోళ్ళు, ఎర్రమన్ను, గాలి. బండి తూర్పుకు తిప్పుతాం.

వాన కన్నా గాలికే ఇక్కడ పని ఎక్కువ. నైరుతి మబ్బు పడమటి కనుమల్లో బరువు దించుకుని ఖాళీగా వస్తుంది. ఈశాన్యపు మబ్బు కోస్తాలోనే చాలామట్టుకు కురిసేస్తుంది. రెండింటికీ అందని ఈ అనంతపురం సీమకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా చెప్పిన నెలలో పడదు. దారి పొడవునా బోడి రాళ్ళ గుట్టలు. రామగిరి దగ్గరికొచ్చేసరికి వెలుతురు పరుచుకుంది. ఒకప్పటి బంగారు గనుల ఊరిది. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటిని దాటుకుని చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల వైపు వెళ్ళాలి.

కొండ కింద కాపలా పెద్దాయన నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. పలకరింపు కన్నా ముందు ఒక ప్రశ్న.

"అగ్గిపెట్టె ఉందాప్పా?"

లేదంటే తలూపి దారి చూపించాడు. "మెల్లగ రా. మంచుకు రాళ్ళు జారతాయి."

నాలుగడుగులు వేశామో లేదో మోకాళ్ళ దాకా తడిసిపోయాం. నడుమెత్తు బోద కసువు, పండి బంగారు రంగు తిరిగి, మంచు మోసుకుని పక్కకు వాలింది. వేళ్ళతో నలిపితే తీయని వాసన. ఎక్కడో కౌజుపిట్ట అరిచింది. కసువు మధ్య తుమ్మ, చండ్ర, రేగు, సీతాఫలం. దిగువన వంక వెంబడి ఈతచెట్లు బారులు తీరాయి. ఇంతసేపూ బోడి గుట్టలు చూసి వచ్చిన కంటికి ఈ కొండ నమ్మశక్యంగా లేదు. ఇదే కల్పవల్లి, ఊళ్ళు కాపాడుకుంటున్న అడవి.

పెద్దాయన ఒక బండ మీద ఆగి చెయ్యి చుట్టూ తిప్పాడు. "అప్పుడు ఇదంతా రాయే. కసువు పరక లేదు."

కళ్ళు మూసుకుని ఆ రోజుల్లో నిలబడి చూడండి. 1990ల మొదలు, నడివేసవి. కాళ్ళ కింద వేడెక్కిన గులకరాళ్ళు. వంట కట్టెకు మొద్దుల దాకా నరికేశారు. వాన పడితే నీళ్ళు నిలవవు, మన్నుతో కలిసి ఎర్రగా దొర్లుకుంటూ పోయి చెరువుల్లో పూడికవుతాయి. ఏటా ఎండకాలంలో మంట. కొత్త చిగురు వస్తుందని కొందరు పెట్టేది, పారేసిన బీడీ నుంచి రేగేది. రాత్రి ఊళ్ళోంచి చూస్తే కొండకు నిప్పుదండ వేసినట్టుంటుంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. గంగూలీని అందరూ బబ్లూ అంటారు. జపాన్ రైతు ఫుకువోకా రాసిన ‘గడ్డిపరకతో విప్లవం’ వాళ్ళ మీద బలంగా పనిచేసింది. ఆ బీడులో వాళ్ళు ముఖ్యంగా చేసింది నిప్పునూ గొడ్డలినీ దూరంగా ఉంచడం, వాన నీటిని ఆపడం. చచ్చిపోయాయనుకున్న మొద్దులు చిగురు పెట్టాయి. వేళ్ళు మట్టిలో బతికే ఉన్నాయి, వాటికి కావలసింది నాలుగేళ్ళు ఎవరూ ముట్టకపోవడం. నా మట్టుకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. మొక్కలు నాటి ఫోటో దిగడం ఒక్కరోజు పని. కొండ మీద ఏళ్ళ తరబడి కూర్చుని పొగ కోసం చూడటం ఎవరికీ కనపడని పని.

ఆ పని ముష్టికోవెల కొండలకూ పాకింది. ఊళ్ళలో వన సంరక్షణ సంఘాలు ఏర్పడ్డాయి. కాపలావాళ్ళను పెట్టుకున్నారు. విత్తనాలు చల్లారు, వంకలకు అడ్డంగా రాళ్ళు పేర్చారు. ముందు కసువు మొలిచింది. కసువు మన్నును పట్టుకుంది, మన్ను తడిని పట్టుకుంది, ఆ తర్వాతే చెట్టు లేచింది. జింకలు వచ్చాయి, వాటి వెనకే తోడేళ్ళు.

"గొర్రెలోళ్ళు ఒప్పుకున్నారా?"

"మొదట కొట్లాటలే. ఇప్పుడు వాళ్ళే ముందు చూస్తారు పొగ. కసువు కాలితే గొర్రె యాడ మేస్తాది?"

అందుకే ఈ అడవికి కంచె లేదు. మందలు మేస్తాయి. బోద ఇంటి కప్పుకు పోతుంది, ఈతాకు చీపుర్లవుతుంది, చాపలవుతుంది. 2008 నాటికి చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల ఊళ్ళు కలిసి కల్పవల్లి సహకార సంఘంగా నిలబడ్డాయి. 7 వేల ఎకరాలకు పైగా అడవి వాళ్ళ కాపలాలో ఉంది.

ఎక్కుతూ ఉంటే కసువు ఉన్నట్టుండి తెగిపోయింది. ఎదురుగా కొండ కొమ్మును అడ్డంగా కోసిన వెడల్పాటి మట్టిరోడ్డు. అంచున మన్ను జారి, కింద వంక దాకా గులకరాళ్ళు పరుచుకున్నాయి. తలపైన గాలిమర రెక్క గాలిని కోస్తోంది. ఆ చప్పుడు గుండెలో కొట్టుకుంటోంది. రెవెన్యూ కాగితాల్లో ఈ కొండ అడవి కాదు, బంజరు. 2010 తర్వాత గాలిమరలకు రోడ్లు వేస్తూ చెట్లు కొట్టారు, వాలు తవ్వారు. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పవన విద్యుత్తుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఊళ్ళ తరఫున 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. బొగ్గు కాల్చని కరెంటు కావాలి, కాదనను. కానీ ఇరవై ఏళ్ళు జనం చేతుల్లో పెరిగిన కొండను ‘బంజరు’ అన్న ఒక్క మాటతో ఖాళీ జాగాగా లెక్కగట్టడం అన్యాయం. ఆ మాట రాసినవాళ్ళు ఈ మంచులో మోకాళ్ళు తడుపుకుని ఉంటే రాయగలిగేవాళ్ళా?

పెద్దాయన రోడ్డు దాటి మళ్ళీ కసువులోకి దిగాడు. ఎండ ఎక్కేకొద్దీ మంచు ఆరి, పరకలు గరగరమంటున్నాయి. ఇంకో నెలకు నిప్పురవ్వ చాలు. అందుకే కొండ చుట్టూ కసువు కోసి, నేల గీకి, బండి బాటంత వెడల్పు ఖాళీ వదులుతున్నారు. ఫైర్ లైన్. ఆ దారిన నడిచి కొమ్ము మీది బండ దగ్గర కూర్చున్నాం. కిందనున్న వంకలో నీళ్ళు సన్నగా మెరుస్తున్నాయి.

రొట్టె మూట విప్పబోతూ ఆయన చెయ్యి ఆగింది. పడమర దూరంగా, సన్నటి పొగ.

లేచి నిలబడ్డాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చేన్లో కంది మోళ్ళు కాలుస్తాండారు. మనది కాదులే," అన్నాడు.

అని కూర్చోలేదు. పొగ పలచబడి, ఆకాశంలో కలిసిపోయే దాకా కర్ర ఆనించుకుని అట్లే చూస్తున్నాడు. రొట్టె మూట బండ మీద అలాగే ఉంది.