వేటా, బేరమూ

"నువ్వేం పని చేస్తావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకేటి పనమ్మా! మా ఇంటాయన ఏటకెల్తాడు. నాను ఇంటికాడే ఉంటాను."

విశాఖపట్నం పెదజాలరిపేట ఇసుకలో కూర్చుని, ఆ పూట అమ్మకం డబ్బులు లెక్కపెట్టుకుంటూ అన్న మాట ఇది. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, మరో ముగ్గురితో కలిసి ఆటో మాట్లాడుకుని, ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంలో పాడి, ఐసు కొని, గంప నెత్తినెత్తుకుని వీధులన్నీ తిరిగొచ్చిన మనిషి అన్న మాట. నా నోటుబుక్కులో 'వృత్తి' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఆ గడి దగ్గర తడబడిన మొదటిదాన్ని నేను కాదు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి అచ్చువేసిన సంపుటాల్లో జాలారులంటే చేపలు పట్టేవారు, పల్లకీలు మోసేవారు, సేద్యం చేసేవారు. పట్టిన చేప ఎవరి చేతుల మీదుగా బియ్యంగా మారేదో ఆ పరిచయంలో లేదు. తెల్లదొర సంగతి సరే, మనవాళ్ళో? విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ'లో వృత్తి పనివాళ్ళ పనిముట్లను వరసపెట్టి తలుచుకున్నాడు. కమ్మరిదీ, కుమ్మరిదీ, సాలెదీ ఉన్నాయి. జాలరి చేతి తాడూ ఉంది. గంప లేదు. ఆధునిక కవిత్వంలో శ్రమ గురించి పీహెచ్‌డీ చేసిన నేను ఆ కవితని నా సిద్ధాంత గ్రంథంలో పేజీలకు పేజీలు విశ్లేషించాను. గంప లేదని నాకు తట్టనే లేదు. అందుకే కవిని నిలదీసే ముందు నన్ను నేను నిలదీసుకోవాలి.

పేటలో మగవాళ్ళు చేసేది 'వేట', ఆడవాళ్ళు చేసేది 'బేరం'. వేట అన్న మాటలోనే సాహసం ఉంది. సముద్రం మీద ప్రాణాలొడ్డే పని కాబట్టి ఆ గౌరవం న్యాయమే. కానీ బేరంలో ఉన్న నైపుణ్యానికి మన భాష ఏ పేరు పెట్టింది? పిల్లలు గోల చేస్తే "ఇదేమన్నా చేపల బజారా?" అని గదమాయిస్తాం. నేనూ నా క్లాసులో ఎన్నోసార్లు అన్నాను. గొంతు చేపలమ్మే మనిషి పనిముట్టు. వేలంలో పదిమంది మగ వ్యాపారుల మధ్య తన పాట వినబడాలంటే గొంతు లేవాలి. మూడో అంతస్తులో ఉన్న ఇల్లాలికి కానాగంతలొచ్చాయని తెలియాలన్నా లేవాలి. కమ్మరి సుత్తి చప్పుడులో శ్రమ సంగీతం విన్నవాళ్ళకి ఈ గొంతు మాత్రం గయ్యాళితనంగా వినిపించింది. కులమూ, ఆడతనమూ, నీచు వాసనా ఒకచోట చేరితే పని తిట్టుగా మారడం ఎంత తేలిక!

ఆవిడ అత్తగారి కాలంలో తెప్ప ఒడ్డుకి రాగానే మొగుడి వాటా చేపలు పెళ్ళాం గంపలోకే వచ్చేవట. పెట్టుబడి అక్కర్లేదు. చిన్న పడవలు ఇప్పటికీ ఈ ఇసుక మీదికొస్తాయి. కానీ మరపడవలొచ్చి, రొయ్యలకి విదేశీ మార్కెట్టు పెరిగి, ఎక్కువ సరుకు హార్బరులో దిగడం మొదలయ్యాక ఆమె కూడా అందరిలా డబ్బు పెట్టి పాడుకోవలసిందే. ఆ డబ్బు రోజువారీ వడ్డీకి తేవాలి. చేప ఎండెక్కేలోగా అమ్ముడవ్వాలి, మిగిలితే ఉప్పు చల్లి ఆరబెట్టాలి. పడవ ఖాళీగా వచ్చిన రోజున కూడా పొయ్యి వెలగాలి. మన పుస్తకాల్లో దీన్ని 'మత్స్య పరిశ్రమ ఆధునికీకరణ' అంటారు. భార్యగా ఆమెకి ఆ చేప మీద ఉన్న మొదటి హక్కు ఎప్పుడు పోయిందో ఆ అధ్యాయాల్లో నాకు కనబడలేదు.

ఈ ఊరి పని చరిత్రంటే మేం చదువుకున్నవి వేరే తేదీలు. 1933లో రేవు, 1948లో 'జల ఉష' జలప్రవేశం, 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితం. అన్నిటికీ శిలాఫలకాలుంటాయి. గంపకి ఉండదు.

లెక్కలో లేకపోవడం ఉత్త గౌరవం సమస్య అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ కాలానికిచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. అది వేటకెళ్ళేవాళ్ళ లెక్క. ఆ రెండు నెలలూ బేరం తగ్గినవాళ్ళ లెక్క కాదు. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో పడవలు తగలబడినప్పుడు ప్రభుత్వం పడవ విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. కాలిన పడవకి విలువ కట్టొచ్చు. మర్నాడు హార్బరుకొచ్చి ఖాళీ గంపతో తిరిగెళ్ళిన ఆడదాని రోజుకి విలువ కట్టే పద్ధతేదీ?

1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక వీధుల్లో అమ్ముకునే స్త్రీలని శ్రామికులుగా చూపింది. 1991 జనాభా లెక్కల్లో, పొలంలోనో కుటుంబ వ్యాపారంలోనో జీతం లేకుండా చేసేదీ పనేనని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చారు. స్త్రీవాద పరిశోధకులు పట్టుబట్టగా వచ్చిన మార్పు అది. అయితే ప్రశ్న మారినంత మాత్రాన జవాబు మారదు. "నాకేటి పని" అన్న జవాబు ఆమె నోట ఎలా స్థిరపడింది? దానికి ఆమె ఇంటాయనా, ఎన్యూమరేటరూ, కవీ, "చేపల బజారా?" అని గదమాయించిన నేనూ అందరం తలో చెయ్యీ వేశాం.

ఇవన్నీ ఆవిడకి నాకు చేతనైనట్టు చెప్పాను. ఓపిగ్గా విని, నోట్లు రొంటిన దోపుకుంది.

"రాసుకుంటన్నావు గానీ, సేపలు కొనవేటి?"

రెండొందలకి కానాగంతలు కొన్నాను. నూట యాభైకి అడిగి చూశాను గానీ, ఆవిడతో నెగ్గలేకపోయాను. శుభ్రం చెయ్యడం నాకు రాదంటే నా వైపు ఒకసారి ఎగాదిగా చూసి, కత్తిపీట ముందుకు లాక్కుంది.

గడిలో 'చేపల బేరం' అని రాసుకున్నాను.