నాన్న రాసిన వీలునామాకు మూడేళ్ల గడువు ఉందా? కోర్టుకు ఎప్పటిలోగా వెళ్లాలి?

ఈపురుపాలెం (బాపట్ల జిల్లా): ఈపురుపాలెంలో ఓ నేత కుటుంబం ఉందనుకుందాం. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఇల్లు, వెనకున్న మగ్గాల షెడ్డు తండ్రి స్వార్జితం. చివరి రోజుల్లో తనను చూసుకున్న కూతురి పేర ఆయన వీలునామా రాశారు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. 2019లో తండ్రి చనిపోయారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆమె అదే ఇంట్లో ఉంటోంది. 2025లో ఇల్లు అమ్ముదామనుకుంటే పెద్దన్న అడ్డం వచ్చాడు. "వీలునామాను మూడేళ్లలో కోర్టుకు పెట్టలేదు, ఇక అది చెల్లదు. అందరికీ సమానంగా పంచాల్సిందే" అంటున్నాడు.

ఇలాంటి మాట చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి.. ఎక్కడైనా వినిపించేదే. మరి అందులో నిజమెంత?

అసలు ప్రొబేట్ అంటే ఏంటి?

వీలునామా రాసిన వ్యక్తి చనిపోయాక, ఆ పత్రం నిజమైనదేనని కోర్టు పరిశీలించి ముద్ర వేసి ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. వీలునామాలో అమలుదారుగా పేరున్న వ్యక్తికే దీన్ని ఇస్తారు. అమలుదారును నియమించకపోతే ఆస్తి పొందినవారు 'లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్' కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వీలునామా అసలుదా, నకిలీదా అన్నదే ఇక్కడ తేలుతుంది. ఆ ఆస్తి మీద చనిపోయిన వ్యక్తికి హక్కు ఉందా లేదా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు.

మన దగ్గర తప్పనిసరా?

కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్ ప్రకారం హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాల హైకోర్టు ఒరిజినల్ పరిధికే వర్తించేది. ఇక్కడ రాసి, ఇక్కడి ఆస్తికే సంబంధించిన వీలునామాకు అది వర్తించలేదు. ముస్లింలకు ముందు నుంచీ, భారతీయ క్రైస్తవులకు 2002 సవరణ నుంచీ మినహాయింపు ఉంది. ఆ సెక్షన్‌నే 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది.

కాబట్టి ప్రొబేట్ తీసుకోలేదన్న ఒక్క కారణంతో ఆ కూతురి వీలునామా చెల్లకుండా పోదు. గొడవ వస్తే మామూలు సివిల్ దావాలోనే వీలునామాను రుజువు చేసుకోవచ్చు.

మరి ఈ 'మూడేళ్లు' ఎక్కడిది?

వారసత్వ చట్టంలో ప్రొబేట్‌కు చివరి తేదీ అంటూ లేదు. ఉన్నది మొదటి తేదీ మాత్రమే. మరణించిన నాటి నుంచి 7 పూర్తి రోజులు గడవకుండా ప్రొబేట్, 14 పూర్తి రోజులు గడవకుండా లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇవ్వకూడదు.

మూడేళ్ల లెక్క 1963 కాలపరిమితి చట్టంలోని 137వ ఆర్టికల్ నుంచి వచ్చింది. ప్రత్యేకంగా గడువు చెప్పని దరఖాస్తులకు, దరఖాస్తు చేసే హక్కు పుట్టిన రోజు నుంచి మూడేళ్లు గడువు. ఇది ప్రొబేట్‌కూ వర్తిస్తుందని కున్వర్‌జీత్ సింగ్ ఖంద్‌పూర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఇది కొనసాగుతూ ఉండే హక్కు అని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే మరణించిన రోజు నుంచే మూడేళ్లు లెక్కపెట్టి తలుపు మూసేయడం కాకుండా, వీలునామాను ఎదుటివాళ్లు ఎప్పుడు కాదన్నారన్నది కోర్టులు చూస్తుంటాయి.

అలాగని ధీమాగా కూర్చోవద్దు. ఎప్పుడు హక్కు పుట్టిందన్న దాని మీదే ఏళ్ల తరబడి వాదనలు నడుస్తాయి. ప్రొబేట్ కావాలనుకుంటే మరణించిన మూడేళ్లలోపే వేయడం మేలు. ఆలస్యం ఎంత పెరిగితే అనుమానం అంత పెరుగుతుంది, దానికి సరైన కారణం చూపించుకోవాల్సి వస్తుంది.

నిజంగా దాటకూడని గడువులు ఇవీ..

- 21 రోజులు: మరణాన్ని నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుం. మరణ ధ్రువీకరణ పత్రం లేకుండా ఏ పనీ ముందుకు సాగదు.
- 90 రోజులు: వ్యవసాయ భూమి అయితే, హక్కు వచ్చిన 90 రోజుల్లో తహసీల్దార్‌కు రాతపూర్వకంగా తెలపాలని 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. వారసుల మధ్య హక్కు గొడవ ఉంటే తేల్చాల్సింది సివిల్ కోర్టే.
- 3 ఏళ్లు: మీ హక్కును ఎదుటివాళ్లు కాదన్నప్పుడు, హక్కు ప్రకటించమని దావా వేయడానికి. మన ఉదాహరణలో అన్న 2025లో కాదన్నాడు కాబట్టి లెక్క అప్పటి నుంచే. ఎవరైనా ప్రొబేట్ తెచ్చుకుంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికీ మూడేళ్లే.
- 12 ఏళ్లు: ఆస్తి వేరేవాళ్ల స్వాధీనంలో ఉండి, అది మీ హక్కుకు వ్యతిరేకంగా మారిన రోజు నుంచి. ఈలోగా స్వాధీనం కోసం దావా వేయకపోతే ఆస్తి మీద హక్కే పోతుంది.

రిజిస్ట్రేషన్‌కు గడువుందా?

వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మామూలు దస్తావేజులను రాసిన నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. వీలునామాను మాత్రం ఎప్పుడైనా పెట్టొచ్చు. రాసినాయన చనిపోయాక కూడా అమలుదారు గానీ, ఆస్తి పొందినవారు గానీ సబ్‌రిజిస్ట్రార్ దగ్గరకు తీసుకెళ్లొచ్చు. అయితే రిజిస్టర్ అయినంత మాత్రాన కోర్టులో రుజువు చేయనక్కర్లేదని కాదు.

పాత వీలునామాల్లో గుంటూరు జిల్లా అనో, ప్రకాశం జిల్లా అనో ఉంటుంది. ఈపురుపాలెం 1970 వరకు గుంటూరు జిల్లాలో, ఆ తర్వాత ప్రకాశంలో ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినందుకు వీలునామా చెడిపోదు. సర్వే నంబరు, హద్దులు సరిపోతే చాలు.

చట్టంలో రాయని గడువు: సాక్షుల ఆయుష్షు

వీలునామా కేసుల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. కోర్టులో వారిలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. ఇది పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షన్. సాక్షులిద్దరూ చనిపోతే దారి మూసుకుపోదు గానీ, ఒక సాక్షి చేతిరాతను, రాసినాయన సంతకాన్ని గుర్తుపట్టగలిగేవాళ్లను వెతుక్కోవాలి. 30 ఏళ్లు దాటిన పాత పత్రమైతే సంతకాలు నిజమైనవేనని అనుకునే వెసులుబాటు కొన్ని పత్రాలకు ఉంది. వీలునామాకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2023లో మరోసారి చెప్పింది.

అందుకే ఆ కూతురు ఇప్పుడు చేయాల్సింది అన్నతో 'మూడేళ్ల' వాదన పెట్టుకోవడం కాదు. సంతకం చేసిన ఇద్దరిలో ఎవరు బతికి ఉన్నారు, ఎక్కడ ఉన్నారు అన్నది ముందు కనుక్కోవాలి. ఒరిజినల్ పత్రాన్ని భద్రం చేసుకోవాలి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒకచోట పెట్టుకుని లాయరును కలవాలి. అన్న కాదన్న రోజు నుంచి మూడేళ్లు నడుస్తున్నాయి. ఆ సాక్షి వయసూ పెరుగుతోంది.