కల్పిత భాషలకు నామకరణం

ఒక వ్యక్తి గాని, కొద్దిమంది గాని బుద్ధిపూర్వకంగా నిర్మించిన భాషను '''కల్పిత భాష''' అంటారు. దీనినే కృత్రిమ భాష అని కూడా వ్యవహరిస్తారు. సహజ భాషకు పేరు వాడుకలో దానంతట అదే స్థిరపడుతుంది. కల్పిత భాషకు పేరు పెట్టవలసినవాడు దాని నిర్మాత. అయితే ఆ పేరు నిలుచుట, మారుట మాత్రం ఆ భాషను వాడేవారి చేతిలో ఉంటుంది.

== సహజ భాషల పేర్లు ==
ఒకే భాషకు లోపలివారు ఒక పేరు, బయటివారు మరొక పేరు పెట్టుట సర్వసాధారణం. అనంతపురం ప్రాంతపు తండాలలో నివసించే సుగాలీల భాషను చుట్టుపక్కలవారు సుగాలి భాష అనీ, లంబాడీ భాష అనీ అంటారు. ఆ భాష మాట్లాడేవారు మాత్రం దానిని ''గోర్ బోలి'' అని పిలుచుకుంటారు. గోర్ అనునది వారు తమను తాము చెప్పుకొను పేరు, బోలి అనగా పలుకు. అదేవిధంగా ఎరుకల వారు తమ భాషను ''కుర్రు'' అంటారు. పేరు ఎవరు పెట్టారన్నది ఆ జాతి గౌరవానికి సంబంధించిన విషయమని ఈ ఉదాహరణలు తెలుపుచున్నవి.

== పిల్లల క-భాష ==
తెలుగు పిల్లలు పెద్దలకు తెలియకుండా మాట్లాడుకొనుటకు ప్రతి అక్షరానికి ముందు "క" చేర్చి పలుకుతారు. "నువ్వు రా" అనుటకు "కనుకవ్వు కరా" అంటారు. దీని పేరు క-భాష. ఇది కొత్త భాష కాదు, తెలుగుకు వేసిన ముసుగు మాత్రమే. దీనికి పేరు పెట్టినవారెవరో ఎవరికీ తెలియదు. భాషను నడిపించే సూత్రమే దాని పేరుగా నిలిచినది.

== కిలికి ==
తెలుగువారికి మిక్కిలి పరిచితమైన కల్పిత భాష '''కిలికి'''. 2015 జూలై 10న విడుదలైన ''బాహుబలి: ది బిగినింగ్'' చిత్రంలో కాలకేయులు మాట్లాడే భాష ఇది. దీని నిర్మాత తమిళ గీత రచయిత మదన్ కార్కి. ఆయన ఆస్ట్రేలియాలో చదువుకొనే రోజులలో పిల్లలతో ఆటగా "క్లిక్" అను చిన్న భాషను కల్పించారు. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి చిత్రానికై దానినే పెంచి, సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు గల భాషగా తీర్చిదిద్దారు. నాలుకతో చేసే "టక్కు" మను ధ్వనులు ఈ భాషకు ప్రత్యేకత.

"క్లిక్" లోని సంయుక్తాక్షరం విడిపోయి, చివర అచ్చు చేరి "కిలికి" అయినది. అజంత భాషయైన తెలుగులో ఇటువంటి పేరు సులభంగా నోట పలుకుతుంది. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, ఈ భాష నేర్చుకొనుటకు ఒక వెబ్‌సైటు ప్రారంభమైనది.

== ఇతర దేశాల అనుభవం ==
* '''వోలాపుక్''' (1879): జర్మనీకి చెందిన క్రైస్తవ గురువు ష్లెయర్ నిర్మించినది. పేరుకు అర్థం "లోక భాష". ఇందలి మూల పదాలు చాలావరకు ఆంగ్లము నుండి వచ్చినవే అయినా గుర్తుపట్టలేనంతగా మారిపోయినవి.
* '''ఎస్పరాంటో''' (1887): జామెన్‌హోఫ్ తన భాషను "అంతర్జాతీయ భాష" అని మాత్రమే అన్నాడు. పుస్తకంపై తన పేరుకు బదులు "డాక్టర్ ఎస్పరాంటో", అనగా "ఆశించువాడు", అని వ్రాసుకున్నాడు. పాఠకులు ఆ మారుపేరునే భాషకు పెట్టుకున్నారు.
* '''ఇడో''' (1907): ఎస్పరాంటోను సంస్కరించి చేసినది. ఎస్పరాంటోలో ఈ పదానికి "సంతానం" అని అర్థం.
* '''లోజ్‌బాన్''' (1987): జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో మొదలుపెట్టిన లోగ్లాన్ భాష విషయమై నిర్మాతకు, వాడుకరులకు వివాదం కలిగినది. విడిపోయినవారు తమ భాషకు కొత్త పదాలతో పాటు కొత్త పేరు కూడా పెట్టుకున్నారు. లోగ్లాన్ పేరుపై గల ట్రేడ్‌మార్కు రద్దును 1992లో అమెరికా అప్పీలు న్యాయస్థానం సమర్థించినది.

== పేరు ఎంపికలో గమనించవలసినవి ==
# పేరు ఆ భాషలోని ధ్వనులతోనే పలుకబడాలి.
# ఇతర భాషలవారు సులభంగా పలుకగలగాలి, వారి భాషలో అపార్థం రాకూడదు.
# ఇదివరకే ఉన్న భాష పేరుగాని, జాతి పేరుగాని కాకూడదు.
# పేరుపై నిర్మాత హక్కు ఎంతవరకో ముందుగానే తేల్చుకోవాలి.

వీటిలో చివరిది ముఖ్యమైనది. జామెన్‌హోఫ్ 1912లో ఎస్పరాంటో ఉద్యమంలో తన ప్రత్యేక స్థానాన్ని వదులుకున్నాడు. ఆ భాష నేటికీ వాడుకలో ఉన్నది. వోలాపుక్‌పై తుది అధికారం తనదేనని ష్లెయర్ పట్టుబట్టగా, ఆ ఉద్యమం చీలిపోయి క్షీణించినది. బిడ్డకు పేరు పెట్టేది తల్లిదండ్రులే గాని, ఆ పేరుతో పిలిచేది ఊరివారు.

== ఇవి కూడా చూడండి ==
* ఎస్పరాంటో
* లంబాడీ భాష
* బాహుబలి: ది బిగినింగ్