గ్రౌట్ రంగు ఎంపిక: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు స్నానాల గదులు

టైలుకూ టైలుకూ నడుమ సందును పూడ్చే ముద్ద గ్రౌట్. మేస్త్రీల నోట ఇది జాయింట్ ఫిల్లర్ అనీ, ఒట్టి ఫిల్లర్ అనీ వినిపిస్తుంది. రంగురంగుల టైల్స్ వేసిన గదిలో దాని రంగును సాధారణంగా దుకాణంలో షేడ్ కార్డు చూసి ఎంచుకుంటారు. కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, ఎమ్మిగనూరుల్లో మాత్రం కంటికి నచ్చడం ఒక్కటే చాలదు. బోరు నీళ్లు, దుమ్ము, ఎండ ఈ మూడూ ఎంచిన రంగును కొద్ది నెలల్లోనే మార్చగలవు.

ఇక్కడి పాత ఇళ్లలో బచ్చలికి, అంటే స్నానాల గదికి, బండలే పరిచేవారు. బేతంచెర్ల రాయి (ఆ ఊరు 2022 జిల్లాల విభజనతో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది), తాడిపత్రి నల్లబండ ఈ ప్రాంతానికి దగ్గరలో దొరికే సరుకు. సందుల్లో సిమెంటు పాలు పోస్తే పని అయిపోయేది. రాయీ సిమెంటూ ఇంచుమించు ఒకే ఛాయ కాబట్టి రంగు ప్రశ్నే రాలేదు. గుజరాత్‌లోని మోర్బీ వంటి చోట్ల తయారైన గ్లేజు టైల్స్ వాడకం పెరిగాక సందుల్లోకి తెల్లసిమెంటు వచ్చింది. రాజస్థాన్‌లోని గోటన్‌లో 1984లో మొదలైన కర్మాగారం దేశంలో ఆ సరుకు విరివిగా దొరకడానికి ఒక కారణం. తెల్లసిమెంటులో రంగు పొడి కలిపి పూయడం ఆ తర్వాతి మెట్టు. కంపెనీలు రంగు కలిపి సంచుల్లో అమ్మే గ్రౌట్ ఇంకా తర్వాతిది.

రంగు ఎలా కనబడుతుందన్న విషయంలో రెండు పాత వివరణలున్నాయి. రెండూ బట్టల పనితో ముడిపడినవే. పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకాలకు అధిపతిగా ఉన్న షెవ్రోల్‌కు, నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదులు వచ్చాయి. లోపం అద్దకంలో లేదని, పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా తోస్తోందని ఆయన తేల్చాడు. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి దూరం నెడతాయన్నది ఆయన సిద్ధాంతం. దీని తేదీని కొందరు 1828 నాటి ప్రసంగంతోనూ, ఎక్కువమంది 1839 నాటి గ్రంథంతోనూ లెక్కిస్తారు. వివరమంతా ఉన్నది గ్రంథంలోనే కాబట్టి రెండోదే సబబు. జర్మన్ భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త విల్హెల్మ్ ఫాన్ బెజోల్డ్ 1874లో వేసిన పుస్తకం ఇంచుమించు తిరగబడిన మాట చెప్పింది. తివాచీ నమూనాలో ఒక్క రంగు మారిస్తే మిగతా రంగులన్నీ దాని వైపు జరిగినట్టు కనిపిస్తాయి: సన్నని తెల్లగీతలు చుట్టూ ఉన్నదాన్ని లేతగా, నల్లగీతలు ముదురుగా చూపిస్తాయి.

మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఉన్న ఎమ్మిగనూరులో బెజోల్డ్ మాటను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పడుగు అదే ఉంచి పేక రంగు మారిస్తే దుప్పటి ఛాయే మారుతుందని మగ్గం మీద కూర్చున్న ఎవరికైనా తెలుసు. టైల్స్ గోడకూ అదే లెక్క, కాకపోతే టైలు పరిమాణాన్ని బట్టి. అంగుళం చదరపు మొజాయిక్‌కు 2 మిల్లీమీటర్ల సందు పెడితే, మొత్తం వైశాల్యంలో గ్రౌట్ వాటా సుమారు 14 శాతం. అదే సందుతో 300×450 మిల్లీమీటర్ల గోడ టైలుకు అది 1 శాతం చిల్లర మాత్రమే. మొదటిదాంట్లో గీతలు రంగులో కలిసిపోయి బెజోల్డ్ మాట నిలుస్తుంది. రెండోదాంట్లో గీత గీతగానే కనిపిస్తుంది. అక్కడ షెవ్రోల్ మాటే ఎక్కువ పనికొస్తుంది. ఈ తేడా గమనించక, రంగురంగుల మొజాయిక్ పట్టీకి తెల్లసిమెంటు పూసి, రంగులు వెలిశాయని టైల్స్‌ను తప్పుపట్టడం తరచూ జరిగేదే. పెద్ద టైల్స్ గోడకు గ్రౌట్ రంగు గురించి ఇంటిల్లిపాదీ వాదించుకోవడం మాత్రం, నిజం చెప్పాలంటే, కొంత వృథా ప్రయాసే.

అనేక రంగులున్న టైలుకు గ్రౌట్ ఎంచేటప్పుడు, అందులో కొట్టొచ్చినట్టు కనిపించే రంగును కాక, అన్నిటికీ అడుగున ఉండే నేల రంగును పట్టుకోవడం మేలని సాధారణ అభిప్రాయం. నేల రంగు తేలకపోతే నడిమి బూడిద. ఈ ప్రాంతంలో బూడిద వైపు మొగ్గడానికి మరో గట్టి కారణం ఉంది. ఆదోని కోట నిలిచిన గుట్టలు గ్రానైటువే. ఇలాంటి నేలలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు తాగడానికి వాడుకున్నా, స్నానానికి, కడగడానికి బోరు వాడే ఇళ్లు ఉన్నాయి. ఆ నీళ్లు ఆరినచోట సున్నపు తెల్లపొర మిగులుతుంది. పైగా సిమెంటు గ్రౌట్ లోపలి సున్నం కూడా తేమతో పైకొచ్చి, గాలి తగిలి తెల్లగా పేరుకుంటుంది. నలుపు, ముదురు నీలం, చాక్లెట్ రంగు సందుల్లో ఈ తెలుపు మచ్చలుగా బయటపడుతుంది. తెల్ల సందుల కష్టం దీనికి ఎదురు: ఎర్రనేల, రేగడి రెండూ ఉన్న ఈ సీమలో కాళ్ల వెంట వచ్చే మట్టి నేల సందులను గోధుమరంగుకు తిప్పుతుంది. గోడకు లేత బూడిద, నేలకు దానికన్నా ఒక మెట్టు ముదురు తీసుకుంటే రెండు బెడదలూ తగ్గుతాయి.

తెల్లపొర పోవడానికి యాసిడ్ పోసి రుద్దడం వాడుకలో ఉంది. యాసిడ్ ఆ పొరతో పాటు సిమెంటునూ తినేస్తుంది. రంగు ఇంకా వెలుస్తుంది, సందు గుల్లబారుతుంది.

ఒకే సంచి గ్రౌట్ గోడకో ఛాయగా తేలడానికి ఎక్కువసార్లు కారణం నీళ్లే. ముద్ద సులువుగా పారాలని ఎక్కువ నీళ్లు కలిపితే ఆరాక రంగు పాలిపోతుంది. ఎండాకాలంలో టైలు వేడెక్కి ఉన్నప్పుడు పూస్తే సిమెంటు గట్టిపడకముందే నీరు ఇగిరిపోయి, తర్వాత పొడి రాలుతుంది. రంగు నిలవాలంటే కలిపే రంగు పొడి ఇనుప ఆక్సైడుదై ఉండాలి. ఎరుపు, పసుపు, నలుపులు దానితోనే వస్తాయి, సున్నపు గుణానికి చెడవు. ఆకుపచ్చకు క్రోమియం ఆక్సైడు వాడతారు.

ఎపాక్సీ గ్రౌట్‌లో సిమెంటు ఉండదు. రెజిన్, గట్టిపరిచే ద్రవం, పొడి కలిపి పూస్తారు. నీరు పీల్చదు కాబట్టి లోపలినుంచి సున్నం పొంగదు, ముదురు రంగులు కూడా నిలుస్తాయి. బోరు నీటి పొర పైన పడక మానదు గాని తుడిస్తే పోతుంది. ధర బాగా ఎక్కువ. వేగంగా గట్టిపడుతుంది కనుక అలవాటు లేని చేతిలో టైలు మీద మరకగా మిగలవచ్చు. ఐఎస్‌ఓ 13007 ప్రమాణం మూడో భాగం సిమెంటు రకాలను సీజీ, రెజిన్ రకాలను ఆర్‌జీ అని విడదీస్తుంది. సంచి మీద ఆ గుర్తు ఉంటే చూసుకోవచ్చు. ఖర్చుకు వెనకాడేవారు నేలకూ, నీళ్లు పడే గోడ అడుగు భాగానికీ ఎపాక్సీ, పైన సిమెంటు గ్రౌట్ వాడటం మధ్యేమార్గం. ఒకే పేరున్న రంగు రెండు రకాల్లో ఒకేలా ఉండదు గనుక అవి కలిసేచోటును ఒక పట్టీ కింద పెట్టడం మంచిది.

కార్డు మీద చూసిన రంగును నమ్మడం కన్నా, మిగిలిన టైలు ముక్కలు రెండు అతికించి, ఇంటి బోరు నీళ్లతోనే కలిపి పూసి, పూర్తిగా ఆరనిచ్చి, గదిలోని దీపం వెలుగులో చూడటం నమ్మదగిన పద్ధతి. 300×450 టైల్స్, 8 మిల్లీమీటర్ల మందం, 2 మిల్లీమీటర్ల సందుకు చదరపు మీటరుకు సుమారు 140 గ్రాముల సిమెంటు గ్రౌట్ పడుతుంది; 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అంగుళం మొజాయిక్‌కు కిలోంబావు దాటుతుంది. ఒక్కో బ్యాచికి ఛాయ కొంచెం మారుతుంది కాబట్టి గదికంతా ఒకే బ్యాచి సంచులు తీసుకుని, తర్వాతి మరమ్మతుకు కొంత పొడి గాలి చొరని డబ్బాలో దాచడం మంచిది. గోడలు కలిసే మూలల్లో గ్రౌట్ పగులుతుంది గనుక అక్కడ అదే రంగు సిలికాన్ వాడతారు.