పైరాజ్యం షికారీలు – మన అడవి లైసెన్సులు

ప్రత్యేక సంచికకు నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాల పాత సంగతులు ఏవైనా రాయమని మన సంఘ కార్యవర్గం వారు కోరారు. చార్మినారు గురించి, గోలకొండ గురించి రాసినవారు చాలామందే ఉన్నారు. కనుక నేను కొంచెం వేరే దారి పట్టి, ఒకప్పుడు పై ప్రాంతాల నుంచి వచ్చి మన అడవుల్లో వేటాడిన పెద్దమనుషుల సంగతి, వారికి కావలసిన అనుమతుల సంగతి రాస్తున్నాను. ఇది ఉత్త కాలక్షేపం కాదు. మన సభ్యుల్లో కొందరి ఇళ్ళలో తాతల నాటి కొమ్ములు, తోళ్ళు ఇంకా గోడకు వేలాడుతున్నాయి. వాటికీ ఈ కథకూ సంబంధం ఉంది.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. బయటి నుంచి వచ్చిన షికారీకి ఎప్పుడూ రెండు అనుమతులు కావాలి. ఒకటి తుపాకీకి, రెండోది జంతువుకు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిలో కాల్చే హక్కు రాదు. ఈ రెండు కాగితాల చరిత్రే వేట చట్టాల చరిత్ర.

నిజాం కాలంలో హైదరాబాదు వేరే సంస్థానం. మద్రాసు నుంచి వచ్చినా బొంబాయి నుంచి వచ్చినా ఇక్కడికి పైరాజ్యం వారే. 1878 నాటి ఆయుధాల చట్టం, 1912 నాటి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం బ్రిటిష్ ఇండియా శాసనాలు. నిజాం సరిహద్దు లోపల నిజాం ప్రభుత్వం హుకుమే హుకుం. ఆ 1912 చట్టంలో ఒక విచిత్రం ఉంది. జింకలు, అడవిదున్నలు, కుందేళ్ళు, కౌజులు, అడవికోళ్ళు మొదలైనవాటికి కాపుకాలం పెట్టే వీలు కల్పించారు గాని, ఆ పట్టికలో పులి పేరు లేదు. పులిని చంపితే ఆ రోజుల్లో బహుమతి ఇచ్చేవారు.

సంస్థానానికి వచ్చిన పెద్ద అతిథులకు ఏ లైసెన్సూ అడ్డం రాలేదు. ప్రభువు ఆతిథ్యమే వారికి లైసెన్సు. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వచ్చి తాండూరు వైపు పులివేటకు వెళ్ళారు. 1914లో సరాయెవోలో ఆయన హత్యే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసింది. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటాడారు. చచ్చిన పులి వెనుక ఆయన నిలబడిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతుంది. తీసినవారు నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. ఆ సంవత్సరమే ఏడాదికి 25 లక్షల రూపాయల చొప్పున బేరారు ప్రాంతం శాశ్వత కౌలు కింద ఇంగ్లీషువారికి పోయింది. అతిథికి పులీ దక్కింది, బేరారూ దక్కింది.

అప్పటి ప్రభువు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా పేరుమోసిన షికారీ. ఆయన దగ్గర ఆంతరంగిక సేవకుడిగా ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా దేశీయుడు పెట్టిన దుకాణం వల్లనే ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను కట్టారు. అప్పటి నుంచి బయటి ఊళ్ళ షికారీ నాంపల్లిలో దిగి, ఆబిడ్స్‌లో సామాను కొనుక్కుని అడవి దారి పట్టడం తేలికైంది. వేటకు పోనివారు నాంపల్లి బాగెఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్సులో, బోనులో ఉన్న జంతువులను చూసి సంతోషించేవారు. ఆ జంతుశాలే 1963లో నెహ్రూ జూ పార్కుగా బహదూర్‌పురాకు తరలిపోయింది.

అతిథికి అంత సులభమైన అడవి, అందులోనే పుట్టినవాడికి సులభం కాలేదు. అమ్రాబాదు గుట్టల మీది చెంచులు విల్లంబులతో, గడ్డలతో, తేనెతో బతికినవారు. ఆదిలాబాదు గోండులకు అడవే పొలం, అడవే గుడి. రిజర్వు హద్దురాళ్ళు పాతిన తరువాత కట్టె కొట్టినా, పశువు మేపినా, పోడు చేసినా జవానుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. దొరల వేటకు డప్పులు కొట్టి పులిని తోలవలసినవారు మాత్రం ఆ ఊళ్ళ మనుషులే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలిచ్చింది ఈ అటవీ జులుం మీద తిరగబడినందుకే. ఆ కాలంలోనే హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ అడవుల్లో తిరిగి, 1943లో చెంచుల మీద గ్రంథం ప్రచురించారు. ఒక ఆస్ట్రియా యువరాజు పులి కోసం వస్తే, యాభై ఏళ్ళకు అదే దేశపు పండితుడు అడవిలోని మనుషుల కోసం వచ్చాడన్నమాట.

సరిహద్దుకు ఆవల మద్రాసు రాజధానిలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నడిచింది. రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడినా, చేపలు పట్టినా, ఉచ్చులు పన్నినా నేరమే. పైరాజ్యం షికారీకి మంచి ఉదాహరణ కెన్నెత్ ఆండర్సన్. ఆయన ఉన్నది బెంగుళూరులో, అంటే మైసూరు వైపు. ఆయన కథల్లో కొన్ని అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల లోయ అడవుల్లో జరిగినవి. ఊరి జనాన్ని చంపే పులి అంటే, వచ్చినవాడు ఏ రాజ్యం వాడని ఎవరూ అడగరు గదా!

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది గాని అడవి చట్టం వెంటనే ఒకటి కాలేదు. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు చట్టం, తెలంగాణలో ఫస్లీ 1355 నాటి హైదరాబాదు అటవీ చట్టం కొనసాగాయి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా, గుంటూరు నుంచి ఆదిలాబాదు వేటకు పోయినవాడు సొంత రాష్ట్రంలోనే వేరే చట్టం కిందికి వెళ్ళినట్లు. తుపాకీ సంగతి 1959 ఆయుధాల చట్టం చూసుకుంది. లైసెన్సు మీద అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. జిల్లా వరకేనా, రాష్ట్రం వరకా, దేశమంతటానా అన్నది చూసుకోకుండా రైలెక్కితే, దిగిన చోట చిక్కే.

వేటగాళ్ళు పెరిగారు, జీపులు, టార్చిలైట్లు వచ్చాయి, అడవులు తరిగాయి. 1970లో పులివేటను నిషేధించారు. అప్పట్లో అడవులు రాష్ట్రాల జాబితాలోని విషయం. కొన్ని శాసనసభలు తీర్మానం చేసి కోరితేనే పార్లమెంటు చట్టం చేయగలదు. అలా కోరిన 11 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన శాసనసభ నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు ఆవరణలోనే కదా! ఒకప్పుడు బోనులో జంతువులున్న తోట పక్కనే ఆ జంతువుల రక్షణకు తీర్మానం జరిగింది. ఆ విధంగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

ఆ చట్టం వేటను ఒక్కసారిగా ఆపలేదు. మొదటి షెడ్యూలు జంతువులను ముట్టకూడదు. మిగిలినవాటికి లైసెన్సులు పెట్టారు: ప్రత్యేక వేటజంతువులకు, పెద్ద వేటజంతువులకు, చిన్న వేటజంతువులకు, సజీవంగా పట్టుకోవడానికి. దరఖాస్తు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనుకు గాని, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరుకు గాని పెట్టుకోవాలి. బండి మీద నుంచి కాల్చకూడదు, దీపం వేసి కాల్చకూడదు, పొద్దుగుంకాక కాల్చకూడదు, విషం పెట్టకూడదు. చంపినదానికి లెక్క రాయాలి. షెడ్యూలు తెగల వేట హక్కులకు ఆ చట్టంలో ఒక్కచోటే మినహాయింపు ఉంది, అది నికోబార్ దీవులవారికి. మన చెంచులకు లేదు. 1991 సవరణతో ఆ అక్టోబరు 2 నుంచి లైసెన్సులు కూడా పోయి, వేట పూర్తిగా నిషిద్ధమైంది.

అయినా పైరాజ్యం షికారీ కథ ముగియలేదు, దిశ మారింది. మనుషులకు అపాయకరమైన జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను రాతపూర్వకంగా అనుమతించవచ్చును. పూర్వం బయటివారు వేటకు హైదరాబాదు వస్తే, ఇటీవల హైదరాబాదు షికారీలను ఇతర రాష్ట్రాలవారు పిలుస్తున్నారు. 2016 జూన్‌లో బీహారులోని మొకామాలో పంటలు పాడుచేస్తున్న నీల్‌గాయిలను 200కు పైగా కాల్చింది ఇక్కడి నుంచి వెళ్ళినవారే. 2018లో మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాలో 13 మందిని చంపిందన్న ఆడపులి కోసం నవాబ్ షఫత్ అలీ ఖాన్ గారిని పిలిపించారు. నవంబరు 2 రాత్రి ఆయన కుమారుడి తూటాకు అది చనిపోయింది. అనుమతి ఎవరి పేరున ఉంది, కాల్చింది ఎవరు, చీకటిలో కాల్చవచ్చునా అని దేశమంతా చర్చ జరిగింది. 1902లో కర్జన్ ప్రభువును ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. మధ్యలో గడిచిన కాలం మనకు సంపాదించిపెట్టింది ఆ ప్రశ్నే. ఎంత గొప్పవాడైనా కాగితం చూపించవలసిందే.

ఇక మన ఇళ్ళ సంగతి. తాతగారు లైసెన్సు మీదే కొట్టిన జంతువు కావచ్చును. కాని వేట లైసెన్సు వేరు, తోలునో కొమ్మునో ఉంచుకునే యాజమాన్య ధ్రువపత్రం వేరు. 1972 చట్టం కిందా, మళ్ళీ 2003లోనూ ఇటువంటి వస్తువులను ప్రకటించుకోవడానికి గడువులిచ్చారు. ధ్రువపత్రం ఉన్న వస్తువు వారసత్వంగా వస్తే 90 రోజుల్లో తెలియపరచాలి. అమ్మడం, చేతులు మార్చడం తగదు. వద్దనుకుంటే, 2022 సవరణ ప్రకారం నష్టపరిహారం ఆశించకుండా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనుకు అప్పగించవచ్చును. కనుక ట్రంకు పెట్టెలోని పాత కాగితాలను చిత్తుకాగితాలవాడికి వేయకండి. పిల్లల చేతికి వస్తువుతోపాటు దాని కాగితం కూడా అప్పజెప్పండి. సర్వీసంతా ఫైళ్ళతో గడిపిన మనకు, కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు.