తోటల నగరము – తరిగిన పచ్చదనము

క్రీ. శ. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదీతీరమున హైదరాబాదు నగరమును నిర్మించెను. ఆ నగరము తోటలకు పేరెన్నికగన్నది. 'బాగు' అనగా పారశీకమున తోట. బషీరుబాగు, జాంబాగు, బాగు లింగంపల్లి మున్నగు పేళ్లు నేటికిని నిలిచియున్నవి. ఆ చోట్ల కానవచ్చునవి మాత్రము మేడలు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొన్నట్లు, తోట పేరు చెప్పి స్థలములమ్ముట నగరములకు అలవాటైనది.

చెట్టు చేయు మేలు కంటికి కనబడిన దినము హైదరాబాదు చరిత్రలో ఒకటి కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టన పెట్టుకొన్నది. అప్పుడు అఫ్జల్‌గంజునందలి ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరద పిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయములు తలపెట్టబడి, ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి.

చెట్టు కంటికి కనబడకుండ చేయు పని మరియొకటి కలదు. మొక్క చెడిన గాలిని బాగుచేయునని 1771లో ప్రీస్ట్లీ పుదీనాకొమ్మతో కనుగొనెను. అందుకు సూర్యరశ్మి కావలెనని 1779లో ఇంగెన్‌హౌస్ నిరూపించెను. ఆకు గాలినుండి బొగ్గుపులుసు వాయువును గైకొని, అందలి కర్బనముతో కాండమును, వేరును, కాయను పెంచును. ఎండిన కలపలో ఇంచుమించు సగము కర్బనమే. 12 మణుగుల కర్బనము మానులో చేరవలెనన్న 44 మణుగుల ఆ వాయువును చెట్టు పీల్చుకొనవలెను. పైరు పట్టిన కర్బనములో అధికభాగము ఏడాది రెండేండ్లలో మరల గాలిలో కలియును. మానులోనిది తరములపాటు నిలుచును.

ఒకప్పుడు నగరము చుట్టుపట్ల ద్రాక్షతోటలు ప్రసిద్ధములు. భూమి ధర పంట రాబడిని మించిపోగా అవి క్రమముగ ఇండ్ల స్థలములైనవి. 2007లో పరిసరములందలి 12 పురపాలక సంఘములు నగరమున విలీనమై, మహానగర వైశాల్యము సుమారు 625 చదరపు కిలోమీటర్లయినది. తోట పోయినచో నష్టము మూడువిధములు: నరికిన చెట్టు కాలినను కుళ్లినను నిలువయున్న కర్బనము గాలిలో చేరును, ఏటేట జరుగు పెరుగుదల ఆగును, సిమెంటు కప్పిన నేల ఆకును, వేరును తిరిగి పొందజాలదు. నగరపు వేడిమివలనను, నీటి పోషణవలనను కొన్ని వీథిచెట్లు త్వరగా పెరుగుట నిజమే. కాని కప్పబడిన నేల నష్టమును అవి పూడ్చజాలవు.

1996లో ప్రభుత్వము 111వ ఉత్తరువుచే రెండు జలాశయముల పరిసరములందలి 84 గ్రామములలో నిర్మాణములపై ఆంక్షలు విధించెను. 2022లో వానిని సడలింప నిశ్చయించెను. 2025 ఏప్రిలులో కంచ గచ్చిబౌలియందు సుమారు 400 ఎకరములలో జరుగుచున్న చెట్ల నరికివేతను సర్వోన్నత న్యాయస్థానము నిలిపివేసెను. నగరము పెరుగకుండుట జరుగదు. ఏ నేల ఇంటికి, ఏ నేల చెట్టుకు అను నిర్ణయము మాత్రము మనుష్యుల చేతిలోనిది. పట్టణము పొలిమేర చేరిన ప్రతి గ్రామమునకును ఈ ప్రశ్న ఎదురగును.

కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటితిమని తృప్తిపడువారు అఫ్జల్‌గంజు చింతను తలచుకొనవలెను. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఇప్పటికిని ఉన్నది. వరదనాడు జనులను కాచినది క్రొత్తగా నాటిన మొక్క కాదు; అంతకు ముందు తరములవారు నరకక విడిచిన మాను.